గీతలను మింగిన ప్రోగ్రాం

నా దగ్గర పదకొండు రిజిస్టర్లు ఉన్నాయి. అన్నిటికీ నల్ల అట్ట, ఎర్ర గుడ్డ అంచు. సనత్‌నగర్‌లో యంత్రభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో చేరిన వారం నుంచి నేను రాసిన ప్రతి ప్రోగ్రాంకూ వాటిలో ఒక పేజీ ఉంది. ఆ ప్రోగ్రాం చేసిన ప్రతి తప్పుకూ ఆ పేజీలో ఒక వరస ఉంది. రిటైరైన తరువాత అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో పొద్దున్నే పాఠాలు చెబుతున్నాను. అక్కడివాళ్ళు నా రిజిస్టర్లను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రిజిస్టర్లు నేర్పిన అలవాటు లేకపోతే ఒక మనిషి తన బల్ల పోగొట్టుకునేవాడు.

ఆ మనిషి పంజాగుట్టలో ఒక యూనిఫాం కుట్టుశాలలో కటింగ్ మాస్టరు. నేత ఊరి నుంచి వచ్చిన కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక తండ్రి కత్తెర పట్టాడు, ఆయన దగ్గర ఈయన నేర్చుకున్నాడు. మా ఇంట్లోనూ ఒకప్పుడు మగ్గమే కనుక మొదటి రోజే మా ఇద్దరికీ మాట కలిసింది. కుట్టుశాల ఎక్కువగా సోమాజిగూడ ఆసుపత్రుల నర్సులకు బట్టలు కుడుతుంది. ఎవరి కొలత వారిదే. కొలతలు తీసుకునేవారు పుస్తకంలో రాసుకొస్తారు, వాటిని బట్టి ఒక్కొక్కరికి ఒక కటింగ్ చీటీ తయారవ్వాలి. ఆ చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం రాసిపెట్టమని యజమాని నాలుగేళ్ళ కిందట నన్ను అడిగారు.

రాయడానికి ముందు నేను మూడు రోజులు మాస్టరు బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కొలతల పుస్తకంలో పద్నాలుగు పక్కన రెండు నిలువు గీతలు కనబడ్డాయి. ఏమిటని అడిగితే ఆయన సుద్దముక్క నోటికి దగ్గరగా పెట్టుకుని నన్ను జాలిగా చూశాడు.

"ఒక్క గీత పావు ఇంచు. రెండు గీతలు అర. మూడు గీతలు ముప్పావు. మీ ఇంట్ల మగ్గముండె అంటిరి, గిది తెల్వదా అమ్మా?"

"నాలుగు గీతలుంటే?"

"నాలుగు గీతలు ఎవడు గీస్తడమ్మా? అప్పుడు అంకెనే పెరుగుతది గద!"

ఆ జవాబును అప్పుడే రిజిస్టరులో ఎక్కించాను. ఒక గుర్తుకు ఉండవలసిన హద్దును అంత తేటగా చెప్పినవాళ్ళను నేను పెద్ద కంపెనీల్లో కూడా తక్కువగా చూశాను.

కమాండ్ లైన్ తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. నల్ల తెర మీద ప్రోగ్రాం పేరు రాసి, దాని పక్కన మనం చెప్పదలచినవి రాస్తాం. పక్కన రాసేవి ఆప్షన్లు: భుజం ఇంత, నడుము ఇంత, చేతి పొడవు ఇంత. రాసినంతసేపూ అవన్నీ ఉత్త అక్షరాలు. ప్రోగ్రాం వాటిని చదివి తనకు పనికివచ్చే రూపంలోకి మార్చుకోవాలి. అంకెలకూ తేదీలకూ తయారుగా రూపాలు ఉంటాయి, వాటినే రకాలు అంటాం. మనం చెప్పేది వాటిలో ఇమడకపోతే దానికోసం కొత్త రకం తయారుచేయాలి. అలా తయారుచేసినవాళ్ళ మీద రెండు బాధ్యతలు పడతాయి. మనిషి రాసిన అక్షరాలను ఆ రకంలోకి మార్చడం ఒకటి. లోపల ఉన్నదాన్ని మళ్ళీ ఆ మనిషి అక్షరాల్లోనే తిరిగి ఇవ్వడం రెండోది. మొదటిది అందరూ చేస్తారు. రెండోది పట్టించుకోనివాళ్ళతో నాకు జీవితమంతా తగాదాయే.

నేను 'కొలత' అనే రకం తయారుచేశాను. లోపల అది పావు ఇంచుల లెక్క. పద్నాలుగు పక్కన రెండు గీతలుంటే యాభై ఎనిమిది పావులు. యాభై ఎనిమిదిని బయటికి రప్పిస్తే మళ్ళీ పద్నాలుగూ, పక్కన రెండు గీతలూ రావాలి. నాలుగు గీతలు వస్తే, ఇంకేదైనా తెలియని గుర్తు వస్తే ప్రోగ్రాం ఆగిపోవాలి. ఒక చిక్కు మాత్రం వచ్చింది. కీబోర్డు మీద నిలువు గీతకు కమాండ్ లైన్‌లో వేరే పని ఉంది. అది కనబడితే కంప్యూటరు దాని తరువాత ఉన్నదాన్ని మరో ఆజ్ఞ అనుకుంటుంది. అందుకని కొలతను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రాయాలని కౌంటరులో కూర్చునే గుమస్తాకు నేర్పాను. మాస్టరు వెనక నుంచి చూస్తూ నిలబడ్డాడు.

"గీ గీతలకు పర్దా ఎందుకమ్మా?"

"బయట తిరిగితే వేరే పనికి పోతాయి, మాస్టర్."

"మంచిగుంది. మా ఇంట్ల పిల్లలకంటె మీ గీతలకే కట్టుబాటు ఎక్కువున్నది."

నాలుగేళ్ళు ఆ ప్రోగ్రాం నడిచింది. నా పేజీలో దాని తప్పులు మూడే వరసలు. అందులో రెండు ప్రింటరువి.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక యజమాని ఫోన్లలో నుంచి కూడా ఆర్డర్లు తీసుకోవాలనుకున్నారు. ప్రోగ్రాంను మార్చడానికి ఒక ఇంజనీరును పెట్టుకున్నారు. అతను పదేళ్ళ కిందట అమీర్‌పేటలో నా క్లాసులో కూర్చున్నవాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, బేగంపేటలో సొంత ఆఫీసు. మార్చే ముందు నాకు ఒక్క ఫోను చేయలేదు. ఇది నా ఫిర్యాదుల్లో మొదటిది. ముఖ్యమైనది మాత్రం తరువాత ఉంది.

ఒకరోజు క్లాసు అయి మెట్లు దిగుతుంటే యజమాని ఫోను చేశారు. ఆయన కోస్తా నుంచి వచ్చి పాతికేళ్ళుగా పంజాగుట్టలో వ్యాపారం చేస్తున్న మనిషి. మర్యాదకు లోటుండదు, నిర్ణయాలకు తొందర ఎక్కువ.

"మేడమ్ గారూ, చిన్న సంతకం కావాలండీ. ఆ ప్రోగ్రాం మొదట రాసింది మీరే కదా. ప్రోగ్రాంలో తప్పేం లేదని ఒక కాగితం మీద రాసిస్తే చాలు."

"ఎవరికి ఇవ్వడానికి?"

"ఫైల్లో పెట్టుకోవడానికేనండీ. నర్సుల చొక్కాలు ఇరవై నాలుగు వెనక్కొచ్చాయి. సెలైన్ సీసా తగిలిద్దామని చెయ్యెత్తితే చంక కింద కుట్టు ఊడిందంట ఒకావిడకి. ఇంకో ఆవిడకేమో భుజం జారిపోతోందంట. మన మాస్టరుకి చూపు ఆనట్లేదండీ. గుండీల సెక్షన్‌కి మారుస్తున్నాను. ఊరికే మార్చారంటారని మా స్టాఫ్ రిజిస్టర్లో కూడా రాశాను, కత్తిరింపులో అజాగ్రత్త అని."

నేను చూడని ప్రోగ్రాంకు సంతకం పెట్టనని చెప్పాను. పెడితే ఒక మనిషి మీద రాసిన మాటకు సాక్షిని అవుతాను. మెట్రో ఎక్కకుండా ఆటోలో పంజాగుట్టకు వెళ్ళాను.

మాస్టరు అప్పటికే గుండీల డబ్బాల ముందు కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు తీయలేదు. ముప్పై ఏళ్ళు బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియనట్టు అంచున కూర్చున్నాడు.

"జర చూడున్రి అమ్మా," అని ఆయన జేబులో నుంచి మడతపెట్టిన చీటీలు తీశాడు. "గీ నెల చీటీలు ఇవి. ఒక్కదానికి సుత గీత లేదు. ఇంతమంది నర్సమ్మలు, ఒక్కరి భుజం సుత పావుకు గాని అరకు గాని పోదా? దేవుడు అందర్నీ స్కేలు పట్టి గీసిండా? నేను పోయి అడిగిన. కంప్యూటర్ ఎట్ల చెప్తే అట్ల కొయ్యమన్నరు. కోసిన."

గీతలే లేని చీటీలు. నాకు అది చాలు. కొత్త ప్రోగ్రాంను నేను ఇంకా చూడలేదు, అయినా ఏం జరిగి ఉంటుందో అప్పుడే అనుమానం వచ్చింది. అనుమానాన్ని రిజిస్టరులో ఎక్కించే అలవాటు నాకు లేదు. కొలిచి రాయాలి.

మరునాడు ఇంజనీరును కుట్టుశాలకే పిలిపించాను. వచ్చాడు, నమస్కారం పెట్టాడు, కూర్చోకముందే వాదన మొదలుపెట్టాడు.

"మేడమ్, నా ప్రోగ్రాంల ఒక్క ఎర్రర్ సుత రాలేదు. లాగ్ చూపిస్తా కావాలంటే."

"రాలేదు కాబట్టే వచ్చాను. ఈ టేపు పట్టుకో."

వెనక్కి వచ్చిన ఇరవై నాలుగు చొక్కాలు బల్ల మీద పరిపించాను. అతను ఒక్కొక్కదాని భుజం కొలిచి పైకి చదవాలి, నేను రాయాలి. కొలతల పుస్తకం నా సంచిలోనే ఉంచాను. అసలు ఎంత ఉండాలో అతనికి తెలియకూడదు, కొలిచేటప్పుడు నేనూ చూడకూడదు. మాస్టరును బయట నిలబెట్టాను. ఆయన గుమ్మం దగ్గర నుంచి "టేపు వదులుగ పట్టిండు, జర బిగియ పట్టమనున్రి" అని రెండుసార్లు అరిచాడు. రెండుసార్లూ ఆయన చెప్పింది నిజమే.

ఇరవై నాలుగూ అయ్యాక పుస్తకం తీసి, చేత్తో రాసిన అసలు కొలతలను పక్కన ఎక్కించాను. తరువాత వాటిని నాలుగు గుంపులు చేశాను: పుస్తకంలో ఒక గీత ఉన్నవి, రెండు గీతలవి, మూడు గీతలవి, అసలు గీత లేనివి. ఒక గీత ఉన్న చొక్కాలు మూడే, అవి భుజం దగ్గర సరిగ్గా ఉన్నాయి. వేరే కారణానికి వెనక్కి వచ్చాయి. రెండు గీతలవి అన్నీ పావు ఇంచు తక్కువ. మూడు గీతలవి అన్నీ అర ఇంచు తక్కువ. ఒక్కటి కూడా గుంపు దాటలేదు.

ఇంజనీరు కాగితం మీదికి వంగాడు.

"చూపు ఆనని మనిషి ఇంత వరసగా తప్పు చేయగలడా?" అని అడిగాను.

అతను లాప్‌టాప్ తెరిచాడు. నేను నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. భుజం ఆప్షన్‌కు కొటేషన్లలో పద్నాలుగూ మూడు గీతలూ రాయమన్నాను. ప్రోగ్రాం చదివింది. ఇప్పుడు చదివినదాన్ని వెనక్కి చెప్పమన్నాను. తెర మీద పద్నాలుగు వచ్చింది. గీతలు లేవు. ఎర్రరూ లేదు.

"ఫోన్ల ఫారంల కొంతమంది అంకె పక్కన ఇంచులు అని అక్షరాలు సుత రాస్తున్నరు మేడమ్," అన్నాడు, గొంతు తగ్గించి. "అందుకని అంకెలు కానివన్నీ తీసేసి, మిగిలిన అంకె తీసుకునేటట్టు రాసిన. గీతలు సుత అండ్లనే పోయినయ్. అవేందో కూడా నాకు తెల్వదు. పాత కోడ్‌ల చెత్త అనుకున్న."

"తెలియనప్పుడు ఆపాలి. తెలియనిదాన్ని మింగి, తెలిసినట్టు అంకె బయటపెట్టే ప్రోగ్రాం అబద్ధం చెబుతున్నట్టే. నీకు నా క్లాసులో మొదటి వారమే చెప్పాను, లోపలికి వెళ్ళింది బయటికి అలాగే రాకపోతే ఆ రకం పనికిరాదని."

"చెప్పిన్రు. ఇంటర్వ్యూల ఎవ్వరూ అడగలే మేడమ్."

కోపం వచ్చింది. అయినా అతను దాచకుండా చెప్పాడు కనుక ఆ కోపాన్ని కాగితం మీదే ఉంచుకున్నాను. నాలుగో గుంపు ఇంకా మిగిలి ఉంది మరి. గీత లేని కొలతలు. వాటిలో మింగడానికి ఏమీ లేదు, కనుక ఆ చొక్కాలు సరిగ్గా ఉండాలి. కాని అవన్నీ పావు ఇంచు ఎక్కువగా ఉన్నాయి. భుజం జారిపోతోందన్నది ఆ గుంపులోని ఆవిడే. అప్పుడు మళ్ళీ లెక్కవేసి చూశాను. ఒక గీతది పావు తగ్గాలి, తగ్గనే లేదు. రెండు గీతలది అర ఇంచు తగ్గాలి, పావే తగ్గింది. మూడు గీతలది ముప్పావు తగ్గాలి, అరే తగ్గింది. అన్నిచోట్లా ఎవరో ఒక పావు కలిపారు. ప్రోగ్రాం కలపలేదు.

మాస్టరును లోపలికి పిలిచాను. కాగితం చూపించాను. ఆయన నాలుగు గుంపులనూ వేలితో ఒకటొకటిగా తాకి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"నేనే కలిపిన అమ్మా. మా నాయిన నేర్పిండు. గీత లేని కొలత వస్తే కొలిచినోడు తొందరల మర్చిపోయిండు అనుకోవాలె, ఒక పావు వదలాలె అని. బిగుతైతే మనిషి తిడుతడు, వదులైతే కుట్టి సరిచేసుకుంటడు. రోజుకు ఒకటో రెండో వస్తుండె గసొంటివి. గీ నెలల అన్నీ గట్లనే వచ్చినయ్. చెయ్యి అలవాటు చొప్పున పోయింది."

తరువాత అసలు భయం బయటపెట్టాడు. "గా వరస తీసెయ్యున్రి అమ్మా. మిగిలిన మూడు చాలవా? సేటు గిది చూస్తే, నీదే తప్పు అంటడు. నా బల్ల పోతది."

ఆ మాట నన్ను రాత్రంతా కాదుగాని ఆ పూటంతా వేధించింది. ఆ వరస తీసేస్తే నా వాదన నున్నగా ఉండేది. ఆయన బల్ల ఆయనకు వచ్చేది. కాని సగం రాసిన రికార్డు మీద నేను ఇన్నేళ్ళు నిలబడలేదు. పైగా గీతలను చప్పుడు లేకుండా మింగినందుకు ప్రోగ్రాంను నిలదీసిన నేను, ఒక పావును చప్పుడు లేకుండా కలిపిన చేతిని దాచడం ఏ న్యాయం? ఆ వరసను అలాగే ఉంచాను. ఆయనకు ఆ సంగతి ముఖం మీదే చెప్పాను. ఆయన టేపు మెడలో నుంచి తీసి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగు గంటలకు యజమాని గదిలో నలుగురం కూర్చున్నాం. ఇంజనీరు తన తప్పును తానే చెప్పాడు. అందుకు అతనికి నేను మనసులో మార్కులు వేశాను. యజమాని తల ఊపుతూ విన్నారు. నేను నాలుగో గుంపు దగ్గరికి రాగానే కుర్చీలో ముందుకు జరిగారు.

"అదిగో! ఏంటండీ మరి ఇది? మాస్టరు కూడా సొంతంగా కలిపాడుగా? నేను రాసింది కరెక్టే కదండీ!"

"మీరు రాసింది అజాగ్రత్త అని. అజాగ్రత్త చేయి అక్కడక్కడ తప్పుతుంది. ఇరవై నాలుగు చొక్కాల్లో ఇరవై నాలుగింటికీ ఒకే పావు కలిపిన చేయి అది. ఆ పావు లేకపోతే మూడు గీతల చొక్కాలు ముప్పావు తగ్గేవి. ఆ ఆవిడకు చంక కుట్టు కాదు, చొక్కాయే ఎక్కేది కాదు. చీటీల్లో గీతలు లేవని ఆయన వచ్చి అడిగాడు. మీరు కోయమన్నారు."

"అడిగాడా?" అని ఆయన మాస్టరు వైపు చూశారు.

"అడిగిన సేటు. మీరు ఫోన్ల ఉన్నరు. కంప్యూటర్ ఎట్ల చెప్తే అట్ల కొయ్యమని చెయ్యి ఊపిన్రు."

యజమాని కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పారు. "సరేనండీ. రేపట్నుంచి బల్ల దగ్గరే ఉండనివ్వండి. అయిపోయిందిగా?"

"అవలేదు. రిజిస్టరులో మాట ఉంది."

"అదెవరు చూస్తారండీ మేడమ్ గారూ!"

"నేను చూస్తాను. ఇంకెవరూ చూడకపోతే అది మరీ ప్రమాదం. ఈయన రేపు ఇంకో కుట్టుశాలకు వెళ్ళినా, ఇక్కడ ఇంకెవరు మేనేజరుగా వచ్చినా ఆ మాటే ఉంటుంది, ఈ కాగితం ఉండదు. కొట్టేసేదాకా నేను లేవను. నాకు రేపు పొద్దున ఏడింటికి క్లాసు. అప్పటిదాకా వేరే పని లేదు."

ఇంజనీరు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకోవడం కనబడింది. యజమాని గంట కొట్టి రిజిస్టరు తెప్పించారు. పెన్ను తీసి ఆ మాట మీద ఒక్క గీత లాగారు. తేదీ వేయమన్నాను. వేశారు. పక్కన పొట్టి సంతకం పెట్టమన్నాను. పెట్టారు. మాస్టరు అంతసేపూ నిలబడి, పుస్తకం మూసేముందు మెడ చాచి చూశాడు.

"ఒక్కటే గీత కొట్టిన్రు సేటు. నాకు పావే మాఫీ అయినట్టున్నది."

యజమానే ముందు నవ్వారు. మళ్ళీ పుస్తకం తెరిచి ఇంకో రెండు గీతలు లాగారు. నేను నవ్వలేదు. కొట్టివేత చదవదగినట్టు ఉండాలన్నది నా నియమం. అయినా ఆ పూటకు ఊరుకున్నాను.

సంతకం కోసం పిలిచిన కాగితం మీద నేను వేరే నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. ప్రోగ్రాంలో తప్పు ఉంది. దాన్ని దిద్దేవరకు చీటీలు చేత్తో రాయాలి. దిద్దిన తరువాత ప్రతి చీటీ మీద కొలతల పుస్తకంలో ఉన్న గీతలే అచ్చవ్వాలి. వాటిని మాస్టరు చూసి సరే అనాలి. కింద నా సంతకం.

ఇంజనీరు నాలుగు రోజులు తీసుకున్నాడు. 'కొలత' రకాన్ని మళ్ళీ పెట్టాడు. ఫోను ఫారంలో గీతలు రాయలేనివాళ్ళకు పావు, అర, ముప్పావు అని మాటల్లో రాసే వీలు ఇచ్చాడు. ఎలా రాసినా బయటికి వచ్చేది మాత్రం గీతల్లోనే, ఎందుకంటే చీటీ చదివేది మాస్టరు. అర్థం కానిది వస్తే ప్రోగ్రాం ఆగి, ఏ ఆప్షన్‌లో ఏ గుర్తు తనకు తెలియలేదో తెలుగులో చెబుతుంది. సున్నా గీతల నుంచి మూడు గీతల వరకు, పది ఇంచుల నుంచి యాభై ఇంచుల వరకు ప్రతి కొలతనూ లోపలికి పంపి బయటికి రప్పించే పరీక్ష అతనే రాశాడు. నేను అడగలేదు. పదకొండో రిజిస్టరులో ఆ పేజీ కింద అతని చేతనే ఒక వరస రాయించాను: గీతలను చెత్త అనుకున్నది నేను.

అమీర్‌పేటలో మా సెంటరువాళ్ళు ఈ పాఠాన్ని తీసేయమని నాకు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆప్షన్లను అంకెగానో అక్షరాలుగానో తీసుకుంటే చాలట, మిగతాది ఎవరూ అడగరట. ఇప్పుడు ఆ పాఠం ఒక పీరియడ్ కాదు, రెండు. తీసేయాలంటే నన్ను తీసేయాలని ఆఫీసుకు రాసి ఇచ్చాను, దాని నకలు నా దగ్గర ఉంది.

కిందటి వారం నా సంచికి జిప్పు వేయించుకుందామని పంజాగుట్టకు వెళ్ళాను. మాస్టరు తన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బల్ల మూలన మూడు చీటీలు విడిగా ఉన్నాయి. వాటి మీద ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా చుట్టి ఉంది. ఏమిటని అడిగాను.

"గీతలు లేని కొలతలు అమ్మా. నిజంగనే పూరా అంకెనా, మర్చిపోయిన్రా అని అడుగుదామని కౌంటరుకు వాపస్ పంపుతున్న. పావు కలుపుడు బంద్ జేసిన." కత్తెర బట్టలోకి దించుతూ ఆయన నవ్వాడు. "ఇగ నేను సుత ఎర్రర్ ఇస్తున్న."